వీడియో చూస్తే వచ్చేసినట్టే ఉంటుంది, పేపరు ఇస్తే చెయ్యి ఆడదు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను బీటెక్ ఈసీఈ టూ-వన్‌లో (రెండో ఏడు మొదటి సెమిస్టరు) ఉన్నాను. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. పదో తరగతి దాకా గవర్నమెంటు స్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ హాస్టల్లో ఉండి చదివాను, మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడికొచ్చాక క్లాసులో ఇంగ్లీషులో చెప్పేది సగం ఎక్కదు. రూముకొచ్చి అదే టాపిక్ తెలుగులో చెప్పే యూట్యూబ్ వీడియోలు చూస్తాను. రోజుకి మూడు నాలుగు గంటలు, టూ ఎక్స్ స్పీడులో పెట్టి. చూస్తున్నంతసేపూ 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. మిడ్ పరీక్షలో పేపరు చూశాక మాత్రం బుర్ర ఖాళీ. నెట్‌వర్క్స్‌లో (సర్క్యూట్ల సబ్జెక్టు) 30కి 9 వచ్చాయి. అసైన్‌మెంట్లు, ల్యాబ్ ప్రోగ్రాములు చాట్‌జీపీటీతో చేస్తాను, అందరూ అలాగే చేస్తారు. మొన్న ల్యాబ్ వైవాలో (నోటితో అడిగే పరీక్ష) సార్, నెంబర్లని వరసలో పెట్టే నా బబుల్ సార్ట్ ప్రోగ్రాంలో 'ఎన్ మైనస్ ఐ మైనస్ 1' అని ఉన్నచోట వేలు పెట్టి, "ఈ మైనస్ 1 ఎందుకు?" అన్నారు. నోట మాట రాలేదు. "నీకన్నా జిరాక్స్ మిషను నయం, అది కనీసం నేనే రాశానని చెప్పుకోదు" అన్నారు. అందరూ నవ్వారు. మా నాన్న మోటార్లు వైండింగ్ చేస్తాడు. మార్కులు చూసి, "ఆ ఫోను అమ్మేసి డబ్బా ఫోను కొనిస్తా. నేను ఏ వీడియో చూసి నేర్చుకున్నాన్రా ఈ పని?" అన్నాడు. నాకూ అదే మంచిదేమో అనిపిస్తోంది. ఫోను మానేయమంటారా? లేకపోతే నా బుర్రే ఇంతా? ఇంటర్‌లో బాగానే ఉండేది కదా. (పేరు వేయొద్దు)

సమాధానం:

ముందు ఆ వైవా సంగతి. పదిమందిలో అలా అనడం నాకు నచ్చలేదు. నేనూ 24 ఏళ్లుగా సర్క్యూట్లు చెబుతున్నదాన్నే. నోరు జారిన రోజులు నాకూ ఉన్నాయి, తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని నొచ్చుకున్న రోజులూ ఉన్నాయి. మాట తప్పే గానీ, ఆయన వేలు పెట్టిన చోటు మాత్రం సరిగ్గా పెట్టాల్సిన చోటే. ఆ మైనస్ 1 దగ్గరికి మళ్లీ వస్తాను.

నీ బుర్రకేం కాలేదు బాబూ. "ఇంటర్‌లో బాగానే ఉండేది కదా" అని నువ్వే రాశావు, అక్కడే దొరికింది నాకు కొస. ఇంటర్‌లో ఏముండేది? తెల్లారకుండా లేపి స్టడీ అవర్ అనేవాళ్లు. మధ్యాహ్నం స్లిప్ టెస్టు. వారం చివర ఇంకో టెస్టు, మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఆ పద్ధతిని నేనేం మెచ్చుకోను, ఆ హాస్టళ్ల నించి నలిగి వచ్చిన పిల్లల్ని ఏటా చూస్తూనే ఉన్నాను. కానీ అందులో ఒకటుండేది. రోజుకి మూడు నాలుగు సార్లు ఎవరో ఒకరు నిన్ను నిలబెట్టి అడిగేవాళ్లు. బీటెక్‌కి వచ్చేసరికి ఆ అడిగేవాళ్లు ఒక్కసారిగా మాయం. ఫస్ట్ మిడ్ దాకా నీకొచ్చిందో రాలేదో ఎవరికీ పట్టదు. చెప్పేవాళ్లు మాత్రం వందమందయ్యారు. చిక్కు సర్క్యూట్‌ని ఒక బ్యాటరీ, ఒక రెసిస్టరుగా కుదించే ఒక్క థెవెనిన్ థీరం మీదే తెలుగులో ఎన్ని వీడియోలున్నాయో నాకన్నా నీకే బాగా తెలుసు.

చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పే ఉంటావు, పద్యాలూ అప్పజెప్పే ఉంటావు. ఆ మాట గురించి ఎప్పుడైనా ఆలోచించావా? తీసుకున్నదాన్ని తిరిగి అప్పగించడం. పంతులుగారు చెప్పడంతో సగం పని, నువ్వు పుస్తకం మూసి అప్పజెప్పడంతో మిగతా సగం. ఫోను మొదటి సగం బ్రహ్మాండంగా చేస్తుంది, నాకంటే బాగా చేస్తుందని ఒప్పుకోవడానికి నాకేం చిన్నతనం లేదు. రెండో సగం దగ్గర దానికి నీతో పనిలేదు. వీడియో అయిపోగానే అది నిన్ను "ఏదీ, చెప్పు" అనదు, పక్కన ఇంకో వీడియో పెడుతుంది.

నా సంగతి ఒకటి చెబుతాను, నవ్వుకో. 2020లో లాక్‌డౌన్ అప్పుడు జాకెట్టు కుట్టడం నేర్చుకుందామని కూర్చున్నాను. తొమ్మిది వీడియోలు చూశాను. కళ్లు మూసుకుంటే ఆవిడ కత్తెర కనబడేంతగా చూశాను. తర్వాత నా కొలత జాకెట్టు పరిచి, గుడ్డ మడతలేసి, సుద్దతో గీసి, చంక గుండ్రం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. గీత మీదే కోయాలా, బయటికి వదిలి కోయాలా? వదిలితే ఎంత? తొమ్మిది వీడియోల్లోనూ ఆ ముక్క చెప్పే ఉంటారు. ఆవిడ కత్తెర కదులుతుంటే నా కన్ను వెనకాలే వెళ్లిందంతే. గీత మీదే కోసేశాను. ఆ గుడ్డ పట్టుకుని మా వీధి చివర టైలరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "కుట్టుకి ఎంత వదిలారు మేడం?" ఎంటెక్ చదివిన నా దగ్గర జవాబు లేదు. ఆ గుడ్డ ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ మీద కప్పి ఉంది.

సరే, నీ సబ్జెక్టుకొద్దాం. ఒక కాగితం తీసుకో. చదువుతూ పోవద్దు, నిజంగా తీసుకో. 12 వోల్టుల బ్యాటరీ గియ్యి. దానికి సిరీస్‌లో 4 ఓమ్‌ల రెసిస్టరు. ఆ తర్వాత పై తీగ నించి కింది తీగకి 12 ఓమ్‌లు. ఆ 12 ఓమ్‌ల రెండు కొసల నించీ తీగలు లాగి 6 ఓమ్‌ల లోడు తగిలించు. లోడులో కరెంటు ఎంత? థెవెనిన్‌తో చెయ్యాలి.

లోడు పీకి పక్కన పెడతావు. 12 వోల్టుల్ని 4, 12 పంచుకుంటే 12 ఓమ్‌ల వాటాకి 9 వోల్టులు. ఇంతవరకూ దాదాపు అందరూ వస్తారు. ఇప్పుడు థెవెనిన్ రెసిస్టెన్స్ కావాలి. బ్యాటరీని తియ్యాలి. తీసిన చోట ఏం చెయ్యాలి? ఖాళీగా వదిలెయ్యాలా, తీగతో కలపాలా?

ఏటా మిడ్ పేపర్లు దిద్దుతుంటే బోలెడన్ని ఇక్కడే తప్పుతాయి. ఖాళీగా వదిలేస్తే 4 ఓమ్‌లకి దారి తెగిపోతుంది, వెనక్కి చూస్తే ఒక్క 12 మాత్రమే కనబడుతుంది, కరెంటు 9 బై 18, అంటే అర ఆంపియరు వస్తుంది. తీగతో కలిపితే 4, 12 ప్యారలల్‌లో పడి 3 ఓమ్‌లు అవుతాయి, 9 బై 9, ఒక ఆంపియరు. ఏది ఒప్పో నా మాట నమ్మొద్దు, థెవెనిన్ ఏమీ లేకుండా మామూలుగా చేసి చూడు: 12, 6 ప్యారలల్‌లో 4, పైన 4తో కలిపి 8, మొత్తం కరెంటు ఒకటిన్నర ఆంపియర్లు, అందులో 6 ఓమ్‌ల దారికి మూడింట రెండొంతులు. అంటే ఒక ఆంపియరే. ఎందుకని? బ్యాటరీ పని కరెంటు ఎంతైనా తన వోల్టేజీని నిలబెట్టడం. ఆ వోల్టేజీని సున్నా చేశామంటే రెండు కొసల మధ్యా ఏ తేడా లేనిది మిగలాలి, అది తీగే. అదే కరెంట్ సోర్స్ అయితే సున్నా చెయ్యడమంటే కరెంటే పోకూడదు, అంటే తెగిన తీగ. ఈ ఒక్క ముక్క నీ చేత్తో నువ్వు తేల్చుకుంటే 'వోల్టేజ్ సోర్స్ షార్ట్, కరెంట్ సోర్స్ ఓపెన్' అని బట్టీ పట్టక్కర్లేదు.

వీడియోలో సార్ ఆ చోటు మూడు సెకన్లలో దాటేస్తారు. నువ్వు టూ ఎక్స్‌లో పెట్టావు గనక ఒకటిన్నర సెకన్లు. నీకు అక్కడ సందేహమే రాలేదు, ఎందుకంటే ఎటు వెళ్లాలో తేల్చుకోవలసిన అవసరం నీకు పడలేదు. పరీక్షలో మొట్టమొదటిసారి పడింది.

కాబట్టి చెయ్యాల్సింది పెద్ద విశేషమేం కాదు. వీడియోలో లెక్క బోర్డు మీద రాయగానే ఆపు. ఫోను దూరంగా పెట్టు. పది నిమిషాలు నువ్వే కుస్తీ పట్టు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, ఇప్పుడు మళ్లీ వీడియో పెట్టి ఆ చుక్క దగ్గరికి వచ్చేదాకా చూడు. పద్నాలుగు నిమిషాల వీడియోకి నలభై నిమిషాలు పడుతుంది. పట్టనీ. రోజుకి రెండు వీడియోలు చాలు, నాలుగు గంటలు ఎవరడిగారు? ఆ కాగితం పారెయ్యకు. మర్నాడు కొత్త కాగితం మీద, ఏమీ చూడకుండా, అదే లెక్క మళ్లీ చెయ్యి. నాలుగు రోజులాగి ఇంకోసారి. ఈసారి చుక్క వేరే చోట పడుతుంది, అది శుభమే.

ఇది ముసలి పంతులమ్మ చాదస్తం అనుకుంటావేమో, అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2006లో అచ్చు వేసిన ప్రయోగం ఒకటుంది. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు. కాలేజీ పిల్లలకి ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్నే నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, మూడు విడతలు కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది, అప్పజెప్పినవాళ్లకి 71. వారం తర్వాత అడిగారు. చదివినవాళ్లు 40కి పడిపోయారు, అప్పజెప్పినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ అంకెలు కావు. 'మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు?' అని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే. నీ 'ఓస్, ఇంతేనా' ఉంది చూశావూ, అదే ఇది.

అందుకే ఇంకో హెచ్చరిక. నేను చెప్పినట్టు మొదలుపెట్టిన మొదటి వారం నీకు చాలా చికాకుగా ఉంటుంది. నాలుగు గంటలు చూసినప్పుడు ఎంతో చదివినట్టుండేది, ఇప్పుడు రెండు లెక్కలతో సాయంత్రం గడిచిపోయి, ఏమీ చదవనట్టు, మొద్దైపోయినట్టు అనిపిస్తుంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద చేసిన పరిశీలనలో కూడా ఇదే బయటపడింది: చక్కటి ఉపన్యాసం విన్న పిల్లలు తమకు ఎక్కువ వచ్చిందనుకున్నారు, క్లాసులో తమంతట తాము లెక్కలతో కుస్తీ పట్టిన పిల్లలు తక్కువ వచ్చిందనుకున్నారు, టెస్టు పెడితే తలకిందులుగా తేలింది. కాబట్టి ఆ మొదటి వారం నీకేమనిపిస్తుందో దాన్ని లెక్కలోకి తీసుకోకు.

టూ ఎక్స్ గురించి ఊరికే బెంగపడకు. కాలిఫోర్నియాలో యూసీఎల్ఏ వాళ్లు పరీక్షించి చూస్తే రెండు రెట్ల వేగం దాకా పెద్ద నష్టమేమీ లేదని తేలింది, అది దాటితేనే అర్థం కావడం తగ్గింది. కాకపోతే వాళ్లు చూపించినవి రోమన్ సామ్రాజ్యం, ఇళ్ల విలువ కట్టడం లాంటి పాఠాలు, సర్క్యూట్లకి రాసే మెష్ ఈక్వేషన్లు కావు. కథలా సాగేచోట టూ ఎక్స్ పెట్టుకో, లెక్క మొదలవగానే మామూలుకి తెచ్చుకో.

తెలుగులో చూస్తున్నానని నువ్వు కాస్త తప్పు చేసినట్టు రాశావు. అదేం తప్పు? అర్థం కావడం ఏ భాషలో అయితే తొందరగా అవుతుందో ఆ భాషలోనే కావాలి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు చాలా ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, కొన్ని కోర్సుల పాఠాల్ని తెలుగులోకి కూడా తెచ్చారు. చిక్కల్లా ఇంకోచోట ఉంది. తెలుగులో అర్థమైంది, పేపరు ఇంగ్లీషులో రాయాలి, మధ్యలో వంతెన వెయ్యలేదు. చాలామంది ఆ వంతెనని పరీక్ష హాల్లో కూర్చుని వేద్దామనుకుంటారు. వీడియో అయ్యాక టెక్స్ట్‌బుక్కులో అదే టాపిక్ ఒకటిన్నర పేజీ తియ్యి. ఒకటిన్నర పేజీయే. నీకు విషయం తెలుసు గనక ఇప్పుడా ఇంగ్లీషు భయపెట్టదు, 'టర్మినల్స్', 'ఈక్వివలెంట్', 'ఎక్రాస్', 'త్రూ' అనే మాటలు ఎక్కడెక్కడ కూర్చున్నాయో చూసుకుంటావు. మన పిల్లలు 'కరెంట్ ఎక్రాస్' అనీ 'వోల్టేజ్ త్రూ' అనీ రాస్తారు, ఆ ఒక్కదానికే చదివే లెక్చరరుకి అనుమానం వచ్చేస్తుంది. వోల్టేజీ రెండు కొసల మధ్య, కరెంటు లోపలినించి. తెలుగులో అనుకుంటే ఈ తప్పు రానే రాదు. తర్వాత ఆ థీరం స్టేట్‌మెంటు నీ సొంత ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాయి. వంకరగానే వస్తుంది. ఆ తర్వాతే పుస్తకంలో వాక్యం చూడు. ముందే చూస్తే చేతికి కాపీ తప్ప ఇంకేం రాదు.

ఇక చాట్‌జీపీటీ. "అందరూ అలాగే చేస్తారు" అన్నావు. తెలుసు. మాకూ తెలుసు. మేం చదువుకునే రోజుల్లో సీనియర్ల రికార్డు తెచ్చి రాత్రి పదింటికి గ్రాఫులతో సహా దింపేసేవాళ్లం, రీడింగులు ఏటికేడు అవే వచ్చేవి, ఎక్స్‌టర్నల్‌కి (బయటి కాలేజీ నించి పరీక్ష పెట్టడానికి) వచ్చినాయన కూడా ఆ రీడింగుల్ని గుర్తుపట్టేవాడు. సీనియర్ నోట్సు జిరాక్సు తీయించుకుంటే ఆ సబ్జెక్టు చదివేసినట్టే హాయిగా ఉండేది. కాబట్టి నీతి బోధ నా దగ్గర లేదు. తేడా ఒకటే: దింపినప్పుడు కనీసం ప్రతి అక్షరం చేతిలోంచి వెళ్లేది. ఇప్పుడు అది కూడా వెళ్లట్లేదు.

టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో లెక్కల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది, 2025లో పెద్ద జర్నల్‌లో వచ్చింది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, ఏది అడిగినా జవాబు చెప్పేస్తుంది. కొందరికి జవాబు చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన క్లూలు మాత్రమే ఇచ్చేది ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. సాధన చేసేటప్పుడు చాట్‌బాట్ ఉన్నవాళ్ల మార్కులు బాగా పెరిగాయి, మామూలుదానితో 48 శాతం, క్లూల దానితో 127 శాతం. తర్వాత అన్నీ లాగేసుకుని పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలేమీ వాడనివాళ్ల కన్నా 17 శాతం కింద ఉన్నారు. క్లూలతో చేసినవాళ్లకి ఆ దెబ్బ చాలావరకు తప్పింది. అంటే అది వాడావా లేదా అన్నది కాదు, దాన్ని చెప్పమన్నావా, అడగమన్నావా అన్నది చూసుకోవాలి.

ఆ బబుల్ సార్ట్ దగ్గరికే రా. ప్రోగ్రాం నువ్వు రాయి, తప్పులతడకగా అయినా సరే. తర్వాత దానికి తెలుగులోనే ఇలా చెప్పు: "ఇది నేను రాసిన ప్రోగ్రాం. సరిచేసి ఇవ్వొద్దు. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ లాగా ఒక్కొక్క ప్రశ్నే అడుగు. నేను తప్పు చెబితే జవాబు చెప్పకుండా చిన్న క్లూ ఇవ్వు." అదీ అప్పజెప్పించుకోవడమే. రాత్రి పదకొండింటికి కూడా విసుక్కోకుండా అప్పజెప్పించుకునే పంతులు మాకెవరికీ దొరకలేదు. ఒక్క జాగ్రత్త, సర్క్యూట్ బొమ్మ ఇచ్చి లెక్క చెయ్యమంటే అది ధీమాగా తప్పు చెప్పే రోజులున్నాయి. పుస్తకం వెనక ఆన్సరుతో సరిచూసుకో.

ఆ మైనస్ 1 సంగతి ఇది. ఐదు నెంబర్లుంటే పెట్టెలు 0 నించి 4 దాకా. ప్రతి పెట్టెనీ దాని పక్క పెట్టెతో పోలుస్తాం. నువ్వు 4వ పెట్టె దగ్గర నిలబడితే పక్కది 5, అది నీది కాదు. అందుకని ఒకటి ముందే ఆగాలి. ఇక మైనస్ ఐ వేరు కథ, ఐ అంటే అయిపోయిన రౌండ్ల లెక్క. రౌండు రౌండుకీ పెద్దది చివరికి వెళ్లి కుదురుకుంటుంది గనక కుదురుకున్నవాటిని మళ్లీ కదపక్కర్లేదు. ఇప్పుడు కంప్యూటర్ దగ్గర కూర్చుని ముందు మైనస్ ఐ తీసేసి రన్ చెయ్యి, తర్వాత దాన్ని పెట్టి మైనస్ 1 తీసి రన్ చెయ్యి. మొదటిదానికి జవాబు సరిగ్గానే వస్తుంది, పని దండగ అంతే. రెండోదానికి సీ లాంగ్వేజి నిన్ను ఆపదు, పక్కింటి మెమొరీలో ఏది పడుంటే దాన్ని తెచ్చి పోలుస్తుంది. ఒకోసారి అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది, ఒకోసారి ఎక్కడిదో చెత్త నెంబరు వచ్చి వరసలో కూర్చుంటుంది. ఇది ఒక్కసారి కళ్లారా చూశాక, ఆ సార్ మళ్లీ వేలు పెట్టాలని నువ్వే ఎదురుచూస్తావు.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. డబ్బా ఫోను కొనిస్తే రెండ్రోజులు కూడా నడవదు. అటెండెన్స్ యాప్‌లో, నోటీసులు వాట్సాప్ గ్రూపులో, ఫీజు కట్టినా ఓటీపీ. ఫోను ఉంచుకో. ఆ కాగితం పట్టుకున్న పది నిమిషాలూ మాత్రం అది నీ చేతికందే దూరంలో ఉండకూడదు, రూమ్మేట్ ట్రంకుపెట్టెలో పెట్టు. ఇంకో పని, సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, అది తెరిచి చూడు. నువ్వు రాసిన మూడు నాలుగు గంటల్లో యూట్యూబ్ ఎంతసేపు, ఇన్‌స్టా ఎంతసేపు అన్నది అక్కడ నిమిషాలతో సహా ఉంటుంది. నాకు చెప్పక్కర్లేదు.

కానీ ఆయన అడిగిన ప్రశ్న ఉంది చూశావూ, "నేను ఏ వీడియో చూసి నేర్చుకున్నాను?" అని, దాన్ని తిట్టుగా తీసుకోకుండా నిజంగా ప్రశ్నగా తీసుకో. ఈ ఆదివారం ఇంటికెళ్లి షాపులో కూర్చుని చూడు. కాలిపోయిన మోటారు వస్తే పాత వైండింగు ఊరికే కోసి పారెయ్యరు. ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతారు, తీగ గేజి చూస్తారు, ఏ స్లాటులోంచి బయల్దేరి ఏ స్లాటులో దిగిందో రాసుకుంటారు. తర్వాత అదంతా తన చేత్తో మళ్లీ చుట్టాలి. కనెక్షను తప్పు ఇస్తే మోటారు గుర్రుమంటుంది గానీ తిరగదు, ఆయనకి అదే వైవా, రోజూ జరుగుతుంది, ఎవరూ నవ్వరు. మొదటిసారి తప్పు కనెక్షను ఇచ్చినప్పుడు ఏమైందో, వాళ్ల మేస్త్రీ ఏమన్నాడో అడుగు. గంట కథ వస్తుంది, హామీ. ఈమధ్య కొత్త రకం మోటారు వస్తే ఫోన్లో చూశాడేమో అది కూడా అడుగు. చూసే ఉంటాడు. కాకపోతే ఆయన చూసేటప్పుడు ఒళ్లో మోటారుంటుంది.

పన్లోపని ఇంకోటి. పొలాల్లో త్రీ ఫేజ్ మోటారుకి ఒక ఫేజు పోయి రెండిటి మీదే నడిస్తే వైండింగు కాలిపోతుందని మీ నాన్నగారికి నిద్రలో లేపినా తెలుసు, ఆయన బతుకుతెరువులో చాలా భాగం అదే. నీకు తెలియాల్సింది, అదే లోడు లాగడానికి మిగిలిన రెండు తీగల్లో కరెంటు ఎన్ని రెట్లు పెరగాలి అన్నది. పవర్ ఫ్యాక్టర్ మారలేదనుకో. మీ పుస్తకంలో త్రీ ఫేజ్ పవర్ సూత్రం, సింగిల్ ఫేజ్ పవర్ సూత్రం రెండూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చెయ్యి, చేసి ఆయనకి చెప్పు. జవాబు ఇక్కడ రాసేస్తే నేనూ ఇంకో వీడియోనే అయిపోతాను.

రెండో మిడ్ అయ్యాక మళ్లీ ఉత్తరం రాయి. మార్కులు రాయకపోయినా ఫర్వాలేదు, పెన్సిలు చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో అవి రాయి.